చారు వాసన అడిగిన సిస్టరమ్మ

పోయిన మంగళవారం పొద్దున డ్యూటీకి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. చిత్తూరు నుంచి. "సిస్టరమ్మా, మా పెద్దమ్మ పోయింది. కాఫీ తాగి కుర్చీలో కూర్చునింది, అట్లే పోయింది" అని మా పెద్ద సిస్టరమ్మ చెల్లెలి కూతురు చెప్పింది. నేను "ఆ" అన్నాను. ఏడుపు రాలేదు. ఆ పొద్దున వార్డులో మంచాలకంటే పిల్లలు ఎక్కువున్నారు. మందులు ఇచ్చి, సూదులు వేసి, మధ్యాహ్నం సెలవడిగి బస్సెక్కాను. పూతలపట్టు వచ్చేదాకా నిద్రపోయాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆమె ఉండుంటే, "మంచిపని చేసినావు, కాసేపన్నా కన్ను మూసినావు" అనుండేది.

తిరుపతిలో మా పిల్లల వార్డుకు ఆమె హెడ్ నర్సు. అందరికీ పెద్ద సిస్టరమ్మ. పంతొమ్మిదేళ్ళు ఆమె కింద పనిచేశాను. పేపర్లో ఆమె ఫోటో ఎప్పుడూ పడలేదు. ఏ బిడ్డనైనా తాకే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చ చేసుకునేది. మంచం నంబరుతో ఎవరినీ పిలవనిచ్చేది కాదు. డబ్బాలో పెరుగన్నం నిలబడే తినేది, కూర్చుంటే మళ్ళీ లేవలేనని. కొత్తగా చేరిన నర్సులకు ఆమె చెప్పే మాట ఒకటే: "అడగండి. కానీ తిట్టినట్టు అడగొద్దండి." ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కరోనా రెండోసారి విరుచుకుపడి తగ్గినాక మేమందరం ఒక్కసారిగా నీరసపడిపోయాం. పెద్దవాళ్ళ వార్డులు ఖాళీ అవుతున్నాయి, ఇక అయిపోయిందనుకున్నాం. పిల్లలకేం కాదని అప్పటికి అందరూ అనేవాళ్ళు. మేమూ అన్నాం. అప్పుడు గూడూరు వైపు నిమ్మతోటల్లో పనిచేసే ఒకామె తన ఆరేళ్ళ కూతురిని తెచ్చింది. మూడు రోజుల జ్వరం, ఎర్రటి కళ్ళు, ఒంటిమీద దద్దుర్లు. సన్నగా, చురుగ్గా ఉండే బిడ్డ. డెంగీ అనుకున్నాం. డెంగీకి చేసేదే చేశాం. సెలైను ఎక్కించింది నేనే. మూడో రోజు మధ్యాహ్నం ఆ పాప చనిపోయింది.

వరండాలో ఆ తల్లి ఏడుస్తూ అంది: "నెల కిందట ఇంట్లో అందరం జరాలొచ్చి పడిపోతిమి గదా సిస్టరమ్మా. ఇదొక్కటే గంతులేస్తా తిరిగింది. మాకు నీళ్ళు కూడా ఇదే తెచ్చిచ్చింది. దీనికేం కాలేదనుకుంటిమి."

పెద్ద సిస్టరమ్మ ఆమె పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఆ మాట విని తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. మేము ఆ సంగతి అడగలేదు. జ్వరం ఎన్నాళ్ళని అడిగాం, వాంతులు ఎన్నని అడిగాం. నెల కిందటి ఇంటి సంగతి ఎవరమూ అడగలేదు.

మరుసటి రోజు ఆమె మా పిల్లల డాక్టరు దగ్గర కూర్చుని అన్నీ చెప్పించుకుంది. వైరస్ పోయినాక మూడు నాలుగు వారాలకు కొందరు పిల్లల ఒంట్లో రక్షణ వ్యవస్థే తిరగబడుతుందని, గుండె, పేగులు, రక్తనాళాలు వాచిపోతాయని ఆయన చెప్పాడు. అంతకుముందు కరోనా వచ్చినట్టు తెలియని పిల్లలకు కూడా రావచ్చన్నాడు. బడికి వెళ్ళే వయసు పిల్లల్లో ఎక్కువట. ఒళ్ళు ఎక్కువున్న పిల్లలు, ముందునుంచీ ఆస్తమా పిల్లికూతలో ఇంకో జబ్బో ఉన్నవాళ్ళు ఐసీయూ దాకా పోయే భయం ఎక్కువట. "అయితే ఇవేమీ లేని బిడ్డకు రాదా?" అని ఆమె అడిగింది. "వస్తుంది సిస్టర్" అన్నాడాయన. ఆమె తలూపింది. పాత క్యాలెండరు కాగితం వెనక అవన్నీ ప్రశ్నలుగా రాసి మందుల అలమరా తలుపుకు అంటించింది.

రెండు వారాలు తిరక్కముందే నగరి నుంచి ఒక పాప వచ్చింది. తొమ్మిదేళ్ళది, బొద్దుగా ఉంటుంది. తండ్రి పవర్‌లూమ్ నడిపే మనిషి. నాలుగు రోజుల జ్వరం, కడుపునొప్పి, వాంతులు. బయట ఎవరో అపెండిక్స్ అని చీటీ రాసి పంపించారు. మా దగ్గర కూడా ఆపరేషన్ మాటలు మొదలయ్యాయి. నేను వెళ్ళి తండ్రిని అడిగాను: "ఇంట్లో ఎవరికన్నా కరోనా వచ్చిందా?"

"లేదు" అన్నాడు. మళ్ళీ అడిగాను. "లేదంటి గదమ్మా! మా వీధిలోనే రాలేదు" అని గొంతు పెంచాడు. పనులు మీద పడి ఉన్నాయి. 'లేదు' అని రాసుకుని వచ్చేశాను.

పెద్ద సిస్టరమ్మ ఆ కాగితం చూసింది. అరచేతులు రుద్దుకుని పాప చెయ్యి పట్టుకుంది, బీపీ కొలిచింది, పెదాలు చూసింది, కళ్ళ కింద రెప్ప లాగి చూసింది. ఆ తర్వాత తల్లి పక్కన కూర్చుని, ఏదో వంటింట్లో మాట్లాడుతున్నట్టు అడిగింది: "ఏమ్మా, ఈ మధ్య మీ ఇంట్లో ఎవరికన్నా చారు వాసన తెలీకుండా పోయిందా?"

తల్లి భర్త వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "మా అత్తకు పోయింది. పోపు మాడి ఇల్లంతా పొగైనా తెలీలేదు. ఈ పాపే ఆమెకు బువ్వ తీసకపోయి పెడతా ఉన్నింది" అంది.

"ఎన్నాళ్ళయింది?"

"నెల కూడా అయ్యుండదు."

తండ్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేనే దాచినాను సిస్టరమ్మా. తెలిస్తే వీధి మొత్తం మూసేస్తారు, మగ్గాలు ఆగిపోతాయి, మా వాకిట్లోకి ఎవురూ రారని భయపడినా. అమ్మ బాగైపోయింది, ఇంకేముందిలే అనుకున్నా" అన్నాడు.

"దాచినావు. ఇప్పుడు చెప్పినావు గదా. పో నాయనా, బిడ్డ కాడ కూర్చో" అని ఆమె లేచింది. డాక్టరు గదికి పరిగెత్తలేదు గానీ, మోకాళ్ళ నొప్పితో ఆమె అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. "సార్, ఇంట్లో వచ్చిపోయింది. నెల లోపలే. చేతులు చల్లగా ఉండాయి, బీపీ పడతా ఉండాది. ఒకసారి గుండె సూడండి" అంది. గుండె స్కానింగ్‌లో తేలింది. గుండె సగం బలంతో కొట్టుకుంటోంది. ఆపరేషన్ ఆగింది. ఐసీయూలో గంటలకొద్దీ యాంటీబాడీల మందు చుక్కచుక్కగా ఎక్కించారు, స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. బలం తగ్గిన గుండె ఎక్కువ నీరు తట్టుకోలేదని, సెలైను మాత్రం ఈసారి ఆచితూచి ఇచ్చాం. అది చూస్తూ నేను గూడూరు పాపను తలుచుకోని నిమిషం లేదు.

మూడో రోజు జ్వరం దిగింది. ఆ సాయంత్రం తల్లి వరండాలో నన్ను ఆపింది. ఎవరో ఆమెతో, పాప లావుగా ఉంది కాబట్టే ఇంత ముదిరిందని అన్నారట. "నేనే దానికి తినిపించి తినిపించి ఇంతదాకా తెచ్చినానా?" అని అడిగింది. వెనక నుంచి పెద్ద సిస్టరమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యేసింది.

"బిడ్డకు బువ్వ పెట్టేది తప్పెట్లయితాదమ్మా? మేము ఒళ్ళు సూసేది, పిల్లికూతలుండాయా అని అడిగేది, ఎవురి మీద ఎక్కువ కన్నేసి ఉంచాలో తెలుసుకునేదానికి. ఎవురిది తప్పో తేల్చేదానికి కాదు. దీనికి ముందు ఒక బిడ్డ వచ్చింది. పుల్లలాగుండేది. ఏ జబ్బూ లేదు. ఆ బిడ్డను మేము కాపాడలేకపోతిమి."

అంతవరకూ ఆ సంగతి ఆమె ఎవరితోనూ చెప్పగా నేను వినలేదు. చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. "ఆ సెలైను నేనే పెట్టినా సిస్టరమ్మా" అన్నాను. కొళాయి కట్టేసి, "నువ్వు ఒక్కదానివే పెట్టలేదు. నేను ఆడనే ఉన్నా. డాక్టరూ ఉన్నాడు. అందరమూ ఉన్నాం" అంది. ఓదార్పుగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నాకు అదే మేలు చేసింది.

నగరి పాప పన్నెండో రోజు ఇంటికి వెళ్ళింది. ఏడాదిపాటు గుండె పరీక్షకు వచ్చిపోయింది. చివరిసారి డాక్టరు ఇక రానక్కర్లేదన్నాడు. తండ్రి మా ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అటువంటి కేసులు తగ్గిపోయాయి. జనం మరచిపోయారు, మరచిపోవడం మంచిదే. నేనే ఎందుకో ఆ అలసట నుంచి పూర్తిగా తేరుకోలేదు. ఆమె కూడా తేరుకోలేదనే అనుకుంటాను. రిటైరయ్యాక ఫోన్ చేసినప్పుడు, "నిద్ర పడతా ఉండాదా నీకు?" అని మొదట అడిగేది. తన సంగతి అడిగితే మాట మార్చేది. మంగళవారం చిత్తూరులో ఆమెను చూసినప్పుడు ముఖంలో ఆ బడలిక కనిపించలేదు. అది చూశాకే నాకు ఏడుపొచ్చింది.

ఆమె రిటైరైన రోజు ఇంకా కళ్ళముందే ఉంది. మధ్యాహ్నం చిన్న సభ పెట్టాం. పెద్ద డాక్టర్లు వచ్చి కూర్చున్నారు, ఈమె రాలేదు. వెతుక్కుంటూ వార్డుకు వచ్చాం. కిటికీ పక్క మంచం మీద ఎనిమిది నెలల పసిబిడ్డ. తల్లి మందులకని కిందికి వెళ్ళినట్టుంది, బిడ్డ ఏడ్చి ఏడ్చి ఈమె చూపుడువేలు పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది. ఈమె మంచం మీదికి వంగి నిలబడి ఉంది. మమ్మల్ని చూసి రెండో చేత్తో ఆగమని సైగ చేసింది. ఎవరో కాలితో స్టూలు నెమ్మదిగా ఆమె వెనక్కి జరిపారు. కూర్చోలేదు, వేలు కదులుతుందని. ఆమెకు వేయాలని తెచ్చిన గులాబీల దండ పట్టుకున్నామె గుమ్మంలోనే నిలబడిపోయింది. దండలోంచి నీళ్ళు ఒక్కో చుక్క నేల మీద పడుతున్నాయి. ఎవరమూ కదల్లేదు.