జెర్రిపోతుకు పలకరింపులు

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని కాలంలో మనిషికి జీవకారుణ్యం కాస్త ఎక్కువగా ఉంటుంది. రాష్ట్రం రెండైన కొత్తలో పులివెందులలో మేం నలుగురు స్నేహితులం పాములను కాపాడే పని పెట్టుకున్నాం. (మమ్మల్ని కాపాడే పని మా నాయనలది.) ఒకసారి చీనీకాయల తోట చుట్టూ అడవిపందుల కోసం కట్టిన వలలో ఒక జెర్రిపోతు చిక్కి, నడుము కోసుకుపోయింది. పశువుల డాక్టరు కుట్లు వేశాడు. ఫారెస్టు ఆఫీసరు, మానేదాకా మీరే చూసుకోమన్నాడు. అలా అది నా అద్దెగదిలో, మూతకు బెజ్జాలు పెట్టిన డ్రమ్ములో చేరింది.

దానికి విషం లేదని వీధంతా చాటింది నేనే. ఫలితం అనుకున్నదానికంటే బాగా వచ్చింది. మా వీధిలో ఎవరికి బాగాలేకపోయినా పోయి పలకరించకపోతే మాటొస్తుంది. పొద్దున్నుంచే బ్రెడ్డు పొట్లాలతో జనం.

"ఎట్టుందప్పా పానం? ఏమన్నా తినిందా?" అన్నాడు ఎదురింటి మామ.

"యాడ తినింది మామా, ఎలకను పెట్టినా మూతి తిప్పుకుంటాంది."

"కుట్లు పడినాయి గదప్పా, నోటికి సయించదు. ఆపరేషనప్పుడు మా యమ్మా ఇంతే."

వచ్చినవాళ్లంతా మూత ఎత్తి, మనసారా అయ్యో అని, మూత పెట్టి పోయేవాళ్లు. డాక్టరు మాత్రం "ఈ అలికిడికి బెదిరిపోయి తినడంల్యా. ఇట్నే పస్తుంటే చచ్చిపోతాది" అన్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లను వద్దనడం ఎలాగో నా డిగ్రీలో చెప్పలేదు.

గది ఓనరమ్మ, వీధంతా ఖాలా అని పిలిచే ముస్లిం పెద్దామె, వేపమండలు తెచ్చి నా గుమ్మానికి కట్టింది. మా వైపు అమ్మవారు పోసిన ఇంట్లో బయటివాళ్లు అడుగుపెట్టరు. "ఎవురికి ఖాలా?" అని వీధి అడిగితే "ఈయప్పకే, ఒళ్లంతా పోసింది" అని నన్ను లోపలికి తోసింది. "నువ్వు గూడా పండుకో. రోగం అన్నాక రోగం మాదిరి ఉండాల." జెర్రిపోతుకు ప్రశాంతత, నాకు చప్పిడి మజ్జిగన్నం దక్కాయి.

ఒక పొద్దున చూస్తే డ్రమ్ములో ఎలుక లేదు, జెర్రిపోతు పొట్టలో ఉంది. బనీనైనా లేకుండా వీధిలోకి ఉరికి "తినిందీ!" అని అరిచాను. ఒక్క పొక్కైనా లేని నా ఒంటిని వీధంతా నిదానంగా చూసింది.

"ఎంత తినిందప్పా?" అన్నాడు మామ.

"పెద్దెలకనే మామా."

"అట్టయితే బతుకుతాదిలే" అని, ఇంట్లోవాళ్లకు చెప్పడానికి పరుగెత్తాడు. నా అమ్మవారి సంగతి ఈరోజుకీ ఎవరూ అడగలేదు.

గాయం మానాక దాన్ని గండి కొండల్లో వదిలితే, సాగనంపడానికి ఆటోల నిండా జనం వచ్చారు. అది వెనక్కైనా చూడకుండా పొదల్లోకి పోయింది. ఖాలా కొంగుతో కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందంది.

ఇప్పుడు నాకు ప్రొద్దుటూరులో ఉద్యోగం, ఫ్లాటు. మొన్న జ్వరమొస్తే ఫోనులోకి దండం బొమ్మలు బాగానే వచ్చాయి. డాక్టరు ప్రశాంతంగా ఉండమన్నాడు, ఉన్నాను. తలుపు తట్టిన చప్పుడైతే మాత్రం లేచి, జుట్టు సవరించుకుని, నీరసంగా మొహం పెట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్లు పక్క ఫ్లాటుకట.