నాలుగో అధ్యాయం మందం

మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపితే ఒక వాసన వస్తుంది. పులుపూ కాదు, చేదూ కాదు, ముక్కు వెనక ఎక్కడో పట్టుకుని కూర్చుంటుంది. నిన్న దుమ్ము దులుపుదామని బీరువా కింది అరలోంచి నా సిద్ధాంత గ్రంథాన్ని బయటికి తీశాను. నల్ల గుడ్డ అట్ట, వెన్ను మీద వెలిసిపోయిన అక్షరాలు. తెరవగానే అదే వాసన. దాని వెనకే కర్నూలు బురుజు దగ్గరి ఇరుకు దుకాణం, నేల మీద చాప, ఆ చాప మీద మోకాళ్ళ మధ్య కాగితాల కట్ట బిగించుకుని కూర్చున్న రసూల్ సాయిబు, అన్నీ వచ్చేశాయి. ఇన్నేళ్ళ తరవాత ఆయన మీద ఇంత బెంగ పుడుతుందని నేననుకోలేదు.

ఆయన పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. కచేరీ రిజిస్టర్లు, మసీదు నుంచి వచ్చే పాత గ్రంథాలు, మా చర్చి కీర్తనల పుస్తకాలు, అన్నీ ఆ చాప మీదికే చేరేవి. ఉర్దూ తప్ప మరో అక్షరం చదవలేడు. నేనప్పుడు కర్నూలులో బడిపంతులుని. ఊరు వేంపల్లె పక్కన. కడప జిల్లా మెట్ట పొలాల్లో బావుల గురించి ఇంగ్లీషులో సిద్ధాంత గ్రంథం రాసి, మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి పరిశోధన పట్టా తెచ్చుకోవాలని నా ఆశ. గ్రంథం ఎలా ఉండాలో చెప్పే నియమాల కాగితం ఒకటి అక్కడి నుంచి వచ్చింది. ఏ పుట తరవాత ఏ పుట రావాలి, వరుసకూ వరుసకూ ఎంత ఎడం ఉండాలి, అధస్సూచికలు ఎక్కడ వేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. అది నాకు కంఠతా వచ్చని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి.

టైపు చేయించిన కట్ట మొదటిసారి చేతికిచ్చినప్పుడు ఆయన శీర్షిక వైపు చూడనే లేదు. ఎడమ అంచు చూశాడు.

"సూది యాడ దించల్లప్పా? అక్షరాల మీదనా?"

"టైపు చేసినాయన అంతే వదిలినాడు సాబ్."

"ఆయన చదివేటోళ్ళ కోసం వదిలినాడు. కుట్టేటోని కోసం ఎవురు వదలల్ల?"

నాకు ఒళ్ళు మండింది. యుద్ధం రోజులు, తెల్లకాగితం దొరకడమే గగనం. కట్ట లాక్కుని ఇంటికొచ్చి నియమాల కాగితం తీస్తే మూడో వరుసలోనే ఉంది, ఎడమవైపు అంగుళమున్నర వదలాలని. కంఠతా వచ్చిన వాణ్ణి కదా, చదవలేదు. మళ్ళీ మొత్తం టైపు చేయించడానికి రెండు నెలలు పట్టింది.

రెండోసారి వెళ్ళేటప్పటికి గడువు ఇరవై రోజులే మిగిలింది. అది దాటితే ఆ ఏడు నా గ్రంథం తీసుకోరు. ఈసారి అంచు చూసి సరేనన్నాడు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య ఎర్ర కాగితం ముక్క పెట్టి, కట్టను నిలబెట్టి, కళ్ళు మూసుకుని పక్కనుంచి బొటనవేలితో తడుముకుంటూ పోయాడు. నాలుగో ముక్క దగ్గర వేలు ఆగింది.

"ఈడ శానా పలచగుండాది. ఏం రాసినావు దీంట్లో?"

"బావులు తవ్వేటోళ్ళ గురించి."

"ముందర ఇంత లావుది?"

"సర్కారు రిపోర్టులు."

"పుస్తకం బావుల గురించి అంటివే."

"మందం చూసి పట్టా ఇవ్వరు సాబ్. కుట్టు."

"నాకు ఇంగ్లీషు చదవను రాదు, మందమే తెల్సు." ఆయన గొంతులో వెటకారం లేదు. "తెలీక ఇంతే రాసినావాప్పా, లేకుంటే తెల్సి ఇంతే రాసినావా?"

నా పరిశోధన చూసే ప్రొఫెసర్ కూడా ఆ ప్రశ్న అడగలేదు. మా నాయన బావులు తవ్వేవాడు. కర్నూలులో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరడిగినా మాకు సేద్యం ఉందనేవాణ్ణి. రెండెకరాల రాళ్ళనేల ఉంది కాబట్టి అది అబద్ధమూ కాదు. నాలుగో అధ్యాయం మొత్తం ఆరు పుటలు. నాలుగు ఎవరో దొర రాసిన నివేదికలోవి, రెండు నా డాబు మాటలు. ఒక్క మనిషి పేరు లేదు. సిగ్గుపడి అలా రాశానని ఆ చాప మీద కూర్చుని మొదటిసారి పైకి చెప్పాను. ఆయన సూదిని తిరిగి డబ్బాలో పెట్టేశాడు.

"మీ నాయన ఉండాడా?"

"ఉండాడు."

"మరి ఈడేం చేస్తాండావు?"

మర్నాడే సెలవు పెట్టి ఊరికి పోయాను. నోటుపుస్తకం ముందు పెట్టుకుని అడిగితే మా నాయన నవ్వాడు. "దీనికా ఇంత దూరం వచ్చినావు?" అన్నాడు. తరవాత నాలుగు రోజులు చెబుతూనే ఉన్నాడు. గడ్డపార కింద రాయి దగ్గరపడితే చప్పుడు ఎలా మారుతుందో, ఏ బావి ఎన్ని నిలువుల లోతులో జల ఇచ్చిందో, పైన తాడు పట్టినవాడు బీడీ వెలిగిస్తే తాను ఎందుకు దిగేవాడు కాదో. బండ జారి చనిపోయిన జతగాడి పేరు చెప్పి, "మీ యమ్మకు చెప్పలేదు, తెలిస్తే మళ్ళా దిగనియ్యదని" అన్నాడు. ఇరవై నాలుగు పుటలు వచ్చాయి. తరవాతి పుటలన్నిటి అంకెలూ మార్చే వ్యవధి లేక, కొత్త పుటలకు తొంభై ఎనిమిది ఏ, బీ, సీ అని అక్షరాలు తగిలించాం. పరీక్షకుల్లో ఒకరు దాన్ని తప్పుపట్టారు, అయినా పట్టా ఇచ్చారు.

నాలుగు ప్రతులూ సాయిబు రెండు రోజుల్లో కుట్టి ఇచ్చాడు. మూడు విశ్వవిద్యాలయానికి, ఒకటి నాకు. వాటిని ఇవ్వడానికి మద్రాసు పోతూ, డోన్‌లో బండి మారి, రైల్లో నా ప్రతి తిరగేస్తుంటే నాలుగో అధ్యాయం చివర ఏడు తెల్లకాగితాలు కనబడ్డాయి. పొరపాటున కలిశాయేమోనని తిరిగొచ్చాక అడిగాను.

"మీ నాయనకు ఇంకా గుర్తొస్తాయిలేప్పా," అన్నాడు. "వచ్చినప్పుడు యాడ రాసుకుంటావు?"

ఆ కరువులో కాగితాలు ఎక్కడివని నేనడగలేదు. వేసవి సెలవులకు పోయి మిగిలింది రాసుకుందామనుకున్నాను. వేసవి రాకముందే మా నాయన పోయాడు. కాగితాలు తెల్లగానే ఉండిపోయాయి.

తరవాత నాకు కడపకు బదిలీ అయింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు కర్నూలు వెళితే ఆ దుకాణానికి తాళం ఉంది. కిందటి చలికాలంలో సాయిబు కన్నుమూశాడని పక్క కొట్టతను చెప్పాడు. చాలాసేపు ఆ తాళం ముందే నిలబడ్డాను. ఇప్పుడు నా దగ్గరికి పరిశోధన చేసే పిల్లలు గ్రంథాలు తెస్తే ముందు నిలబెట్టి, కళ్ళు మూసుకుని బొటనవేలితో తడుముతాను. ముసలాయన కునుకు తీస్తున్నాడని వాళ్ళు నవ్వుకుంటారు.

ఇదంతా నేను రాసింది ఆ తెల్లకాగితాల మీదే. మా నాయన కోసం వదిలినవి, వాటికి వేరే హక్కుదారు ఎవరూ లేరు. రాస్తుంటే తెలిసింది, సాయిబుది ఏ ఊరో, ఈ పని ఎవరు నేర్పారో, పిల్లలు ఉన్నారో లేదో నాకు తెలియదు. అన్నిసార్లు ఆ చాప మీద కూర్చుని ఒక్కటీ అడగలేదు. మా నాయనను అడగమని చెప్పడానికి ఆయన ఉన్నాడు, ఆయనను అడగమని నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు. తెలిసినదంతా రాసినా మూడు కాగితాలే నిండాయి. ఇందాక పుస్తకం నిలబెట్టి, కళ్ళు మూసుకుని, ఆ కాగితాల దగ్గర బొటనవేలు పెట్టి చూశాను. నిండిన ఆ మూడూ ఎంత పలచనంటే, వేలికి అందనే లేదు.