పాటకు తాంబూలం

నా చిన్నప్పుడు మా కొట్టంలో గుర్రబ్బండి ఉండేది, గుర్రం లేదు. నాకు ఊహ తెలిసేనాటికే గుర్రాన్ని అమ్మేశారు. బండికి ఇత్తడి దీపాలు, తోలు మెత్తలు మాత్రం మిగిలాయి. ఆ మెత్తల మీద మా కోళ్ళు గుడ్లు పెట్టేవి. కృష్ణగిరి దగ్గర మత్తూరు చుట్టుపక్కల మమ్మల్ని పడిపోయిన ఇల్లు అనుకునేవారు. అనుకోవడమే తప్ప మా ముఖాన అనేంత ధైర్యం ఎవరికీ లేదు, ఒక్క మనిషికి తప్ప.

అతను తంబూర మీటుతూ, తన పాటలు తానే కట్టుకుని పాడేవాడు. తెలుగు పాటలో అరవం, కన్నడం మాటలు కలిపేసేవాడు. ఎండిన బావి మీద, బస్సు కండక్టరు మీద, అత్తగారి ముక్కుపుడక మీద, దేని మీదైనా పాట కట్టేవాడు. అతనికి మీసాలు రాని రోజుల నుంచీ మా తాతయ్య అతని పాటలంటే పడి చచ్చేవాడు. కలిగిన రోజుల్లో ఆ బండినే పంపి పిలిపించేవాడు. బండి ఆగిపోయాక, అతను ఏ ఊళ్ళో పాడుతున్నా నడిచి వెళ్ళి వినేవాడు. తాతయ్య పైకి నవ్వే మనిషి కాదు. నిటారుగా నిలబడి వినేవాడు. చెప్పులో కాలి బొటనవేలు మాత్రం తాళం వేసేది. దాన్ని చూసేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఒకసారి తాతయ్యతో మా దగ్గరి పోచంపల్లి సంతకు వెళ్ళాను. చింతపండు అంగళ్ళ పక్కన అతను పాడుతున్నాడు. మేము గుంపులోకి చేరేసరికి కొత్త పాట అందుకున్నాడు.

గుర్రం పాయె, గుగ్గిళ్ళు పాయె, దొర బండి మిగిలె,
పుంజు ముందర, పెట్ట ఎనకాల, సవారి సాగె.

ఎవరి బండో అందరికీ తెలుసు. తలలన్నీ మావైపు తిరిగాయి. చింతపండు అమ్మే ఆమె, "సామీ, గుడ్లు తెచ్చినారా సంతకు?" అంది. ఈలలు, నవ్వులు. ఒకప్పుడు ఆ మెత్తల మీద కూర్చుని వచ్చిన మనిషే ఈ పాట కట్టాడని నాకు ఒళ్ళు మండిపోయింది. సిగ్గుతో తల దించుకున్నాను. అప్పుడు కనబడింది. తాతయ్య బొటనవేలు తాళం వేస్తోంది.

మా వైపు పాటలు కట్టేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక ఇంటిమీద పాట కడితే ముందు ఆ ఇంటి గడప ఎదుట పాడాలి. ఇంటిపెద్ద తాంబూలం ఇస్తే పాట ఎక్కడికైనా పోవచ్చు. ఇవ్వకపోతే అక్కడితో సరి, మళ్ళీ ఎవరూ దాన్ని పాడరు. అతను గడప ఎక్కకుండా నేరుగా సంతలో పాడాడు.

పాట పూర్తయ్యేదాకా తాతయ్య కదల్లేదు. ఆ తరువాత ముందుకు వెళ్ళి, "ఏమప్పా, మా గడప యాడుందో మరిచిపోయినావా?" అన్నాడు.

"గడప ఉండాదా సామీ ఇంకా? చెదలు తినేసె అన్నారే."

మళ్ళీ నవ్వులు.

"ఉండాది. రేపు పొద్దున వచ్చి పాడు. తాంబూలం ఇచ్చేదీ లేనిదీ ఆడ చెప్తా."

అంతమంది ముందు అడిగాక రానంటే అతనికే పరువు తక్కువ. తల ఊపాడు.

ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు. పాట ఊరేగితే మా పేరు కోళ్ళతోనే మిగిలిపోతుంది. తాంబూలం ఇవ్వకపోతే చాలు, అది మా వాకిట్లోనే చస్తుంది. మా చిన్నాన్నకు అదీ చాలలేదు. వాని కాళ్ళు విరగ్గొడతానన్నాడు. "కాళ్ళు ఇరిగితే కూర్చోని పాడతాడు. పొయ్యి పండుకో," అన్నాడు తాతయ్య.

తెల్లవారుతూనే అవ్వ నా చేత బండిలోంచి కోళ్ళను తోలించింది. మెత్తలు తుడిపించి, దీపాలను చింతపండుతో తోమించింది. తాతయ్య వచ్చి చూశాడు. ఆయన కోపం నేను చూసింది ఆ రోజే.

"కోళ్ళను ఎక్కించు."

"వచ్చేవాళ్ళంతా చూస్తారు," అంది అవ్వ.

"చూడనీ. వాడు ఉండేదే పాడినాడు. దాన్ని అబద్ధం చేసి నేను గెలవాల్నా?"

కోళ్ళను పట్టుకొచ్చి నా చేతులతోనే మెత్తల మీద కూర్చోబెట్టాను. బండిని అందరికీ కనబడేలా కొట్టంలోంచి వాకిట్లోకి లాగించాడు తాతయ్య.

అతను వచ్చాడు. వెనకే సంతలో నవ్వినవాళ్ళు కూడా వచ్చారు. బండిని, కోళ్ళను చూసి అతను ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకుని పాడాడు. అప్పటికప్పుడు ఒక చరణం కూడా కట్టి కలిపాడు. గుర్రాన్ని కట్టే నొగ, గుర్రం లేక ఆకాశానికి లేచినట్టు దొరగారి నడుము నిగిడిందని దాని భావం. అది మొదటి చరణం కన్నా కఠినంగా ఉంది. మొదటి చరణం కన్నా బాగా కూడా ఉంది.

తాతయ్య లోపలికి వెళ్ళి పళ్ళెంలో ఆకు, వక్క, అరటిపండు తెచ్చాడు. చిన్నాన్న పళ్ళు కొరికాడు. అతను తంబూరను భుజానికి తగిలించుకుని, గెలిచినట్టు నవ్వి రెండు చేతులూ చాచాడు. తాతయ్య ఆ చేతులను దాటి, తాంబూలాన్ని అతని తంబూర బుర్ర మీద పెట్టాడు.

"ఇది పాటకు. దాన్ని యాడికన్నా తీసకపో. నీకు ఈ ఇంట్లో మజ్జిగ కూడా లేదు."

చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. తాంబూలం నేల మీద పడితే అపచారం. పసిబిడ్డను మోసినట్టు తంబూరను అడ్డంగా పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ అతను మా వీధి దాటాడు. ఒక్కరూ నవ్వలేదు.

ఆ పాట నిజంగానే ఊరేగింది. నేను పెద్దవాణ్ణయ్యేసరికి క్యాసెట్టుగా వచ్చి హోసూరు బస్టాండులోని టీ అంగళ్ళలో కూడా మోగింది. తాతయ్య మాత్రం చివరిదాకా అతను పాడే చోటికల్లా వెళ్ళి ముందు వరుసలో నిలబడ్డాడు. అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అంత కోపం ఉంటే వినడమెందుకని ఒకసారి అడిగాను. "వాని మీది కోపానికి నా చెవుల్ని పస్తు పెట్టాల్నా?" అన్నాడు.

తాతయ్య పోయిన కొన్నేళ్ళకు కృష్ణగిరిలో అతనికి సన్మానం చేశారు. నేనూ తాంబూలం పట్టుకుని వెళ్ళాను. వేదిక ఎక్కిన నన్ను చూసి, మా ఇంటిపేరుతో పిలిచి, "మీ తాత ఉండుంటే బాగుండును రా అప్పా," అంటూ ముడతలు పడిన చేతులు చాచాడు. చూసినవాళ్ళకు జాలి కలిగించే చేతులే. వాటిని దాటి, తాంబూలాన్ని అతని తంబూర మీద పెట్టి కిందికి దిగాను.

అతను ఇప్పుడు లేడు. నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. అతని క్యాసెట్లన్నీ నా దగ్గర ఉన్నాయి. దారిలో ఎక్కడైనా ఆ కోళ్ళ పాట వినబడితే నిలబడి చివరిదాకా వింటాను. నడుము వంచను, నవ్వను. చెప్పులోని బొటనవేలు మాత్రం నా మాట వినదు.