ఒక వీధి, పదకొండు దుకాణాలు

నా కూతురు లావెక్కిందని మొదట మురిసిపోయింది నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసు రాదు. రిజర్వాయర్ కింద మా ఊరు మునిగి, పునరావాస కాలనీకి వచ్చేనాటికి దానికి ఆరేళ్లు. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉండేది. ఏడాది తిరిగేసరికి బుగ్గలొచ్చాయి. బిస్కెట్ పుడలు పట్టుకుని చూడవచ్చిన చుట్టాలంతా "పిల్ల మంచిగ ఒళ్లు చేసింది, ఇగ మీ కష్టాలు తీరినట్టే" అంటుంటే వెర్రిదానిలా పళ్లికిలించాను.

ఆ కాలనీ అంటే నాకు ఒళ్లుమంట. చేను లేదు, బర్రె లేదు, పిల్లలు ఎక్కి దిగడానికి ఒక గుట్ట లేదు. ఊరికే కూర్చోలేక మేము చేసిన ఘనకార్యం దుకాణాలు పెట్టడం. పరిహారం చేతికి రాగానే ఒకామె ముందు గదిలో కిరాణం తెరిచింది. ఆమెను చూసి ఇంకొకామె. మా ఒక్క వీధిలోనే పదకొండు తేలాయి. అందులో ఒకటి నాది. కొనేదెవరని ఒక్కరమూ ఆలోచించలేదు. చివరికి మాకు మేమే కొనుక్కోవాల్సి వచ్చింది. ఒకామె దగ్గర కొని ఇంకొకామె దగ్గర కొనకపోతే అలక. మునిగిన ఊరి నుంచి పదిలంగా వెంట తెచ్చుకున్నది ఆ మొహమాటం ఒక్కటే. ఇవాళ ఈమె దగ్గరికి, రేపు ఆమె దగ్గరికి అని వంతులు పెట్టి, పిల్లల చేతిలో చిల్లర పోసి మేమే పంపేవాళ్లం. ఇంట్లో జొన్నరొట్టె ఎండిపోయేది. పిల్లలు చిప్స్ తిని, రంగు సోడాలు తాగి ఉబ్బారు.

పదో ఏట నా కూతురు నల్లా దగ్గరికి ఖాళీ బిందె తీసుకుపోయినా రొప్పేది. మెడ వెనక నల్లబడింది. మురికి అనుకుని బీరపీచుతో తోలు లేచేలా రుద్దాను. అది కేకలు పెట్టినా వదల్లేదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరమ్మ ఆ మెడ చూసి, "గిది మురికి గాదమ్మా, షుగర్ వచ్చే ముందట గిట్లయితది. ఏం తినబెడుతున్నవు పిల్లకు?" అంది. అందరి ముందూ దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టింది.

ఆమె మీద కోపం మోసుకొచ్చి మా వీధి మీద కుమ్మరించాను. పది గడపలకూ పోయి, "నా బిడ్డ చేతిల ప్యాకెట్ పెట్టినవంటే మంచిగుండదు, చెప్తున్న" అని అరిచాను. మొహమాటం అంతటితో గంగలో కలిసింది. పదిమందీ నాతో మాటలు మానేశారు. మానితే మానారు. నా దుకాణం మాత్రం నేను మూయలేదు.

ఒక సాయంత్రం ఎదురింటి పిల్ల వచ్చింది. నా కూతురి ఈడుదే, అంతే లావు. మూడు మెట్లెక్కి తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంది. చిల్లర ఇచ్చి రంగు సోడా అడిగింది. తీసిచ్చాను. పోతూ పోతూ చెప్పుల కోసం వంగింది. దాని మెడ నాకూ, గల్లాపెట్టె పక్కన కూర్చున్న నా కూతురికీ ఒకేసారి కనిపించింది.

"అమ్మా, దాని మెడ గూడ నా లెక్కనే ఉంది. నాకు వద్దంటవు, మరి దానికెందుకిస్తవు?" అంది నా కూతురు.

లాగి ఒక్కటిచ్చాను. అది ఏడవలేదు, నా వైపే చూస్తూ కూర్చుంది. కొట్టిన చేత్తోనే ఆ పిల్ల ఇచ్చిన చిల్లర గల్లాపెట్టెలో వేశాను.