నేను పాడుచేసిన నలభై శుభలేఖలు

2023, మాఘమాసం. పెళ్లిళ్ల రోజుల్లో మా ప్రెస్‌కి రండి, నాతో మాట్లాడ్డానికి మీరే జంకుతారు. అంత చిరాగ్గా ఉంటాను. మాది పూర్ణా మార్కెట్ వెనక సందు. ఒక పక్క కాగితాల హోల్‌సేల్ కొట్టు, ఇంకో పక్క బోర్డులు రాసే పెయింటరు, ఎదురుగా ఫ్లెక్సీ షాపు. మా నాన్న పోర్టులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చాడు. నేను పోర్టు వైపు వెళ్లకుండా సీసం అక్షరాలు పట్టుకున్నాను. పన్నెండేళ్లు కంపోజిటర్‌గా, అంటే అక్షరాలు ఒక్కొక్కటే చేత్తో పేర్చేవాడిగా చేసి, తర్వాత సొంతంగా ఆఫ్‌సెట్ మెషీన్ పెట్టుకున్నాను.

ఒక పొద్దున్న సత్యవతి అనే అమ్మాయి తెల్లకర్రతో మా మెట్లెక్కింది. పుట్టుకతో చూపు లేదు. ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్. చుట్టాలకి మామూలు శుభలేఖలు వాళ్ల నాన్న అప్పటికే వేయించేశాడట. ఈమెకి కావలసింది వేరే. తనతో చదువుకున్న, చూపులేని స్నేహితులకి నలభై బ్రెయిలీ కార్డులు, ఉబ్బెత్తు చుక్కల్ని వేలితో తడిమి చదువుకునేవి. చుక్కలు తనే పొడుచుకుంటుంది. నేను కాగితం ఇచ్చి, చివర్లో అంచులు కోసి, కవర్లలో పెట్టివ్వాలి. ఇంకు చుక్క పడని పని మా ప్రెస్‌లో అదే మొదలు.

"మాకొచ్చిన ప్రతి శుభలేఖా ఎవులో ఒకలు సదివి సెప్పాల బాబాయ్. నా పెళ్లికైనా ఆల్లంతట ఆల్లే సదువుకోవాల," అంది.

మెరిసే ఆర్ట్ కార్డు చూడమ్మా అనబోయి, నాలుక్కరుచుకుని చేతికిచ్చాను. రుద్ది చూసి, వేలు జారిపోతోందని పక్కన పెట్టేసింది. ఉన్న రకాలన్నీ తడిమి తడిమి, చివరికి పిల్లలు బొమ్మలు వేసుకునే కార్ట్రిడ్జ్ షీటు ఎంచుకుంది. నేను అటకమీద పడేసిన సరుకది. కాస్త చిన్నబుచ్చుకున్నాను, ఒప్పుకుంటాను.

రెండు వారాలు, రోజూ డ్యూటీ అయ్యాక కూర్చుని పొడిచి తెచ్చిచ్చింది. ఇక నా ఘనకార్యం వినండి. అచ్చుపనిలో కటింగ్ ఎప్పుడూ ఆఖరునే. ముందు కాగితం కొంచెం పెద్దదే తీసుకుంటాం. పనంతా అయ్యాక అంచులు కోస్తే దొంతరంతా ఒకే కొలతకి వస్తుంది. కటింగ్ మెషీన్లో క్లాంప్ అని ఉంటుంది, కోసేటప్పుడు కాగితాలు కదలకుండా పైనుంచి అదిమిపట్టే ఇనపదిమ్మ. ఆ దొంతర చుక్కల వల్ల పొంగి ఉంది. పొంగితే వంకరగా తెగుతుందని దిమ్మని దించే చక్రం ఇంకో రెండు చుట్లు బిగించాను. అలా నాలుగు వైపులా. చిన్న కార్డులేమో, దిమ్మ కిందికి రాని చోటే లేదు. కోశాక చూస్తే అంచులు అచ్చంగా కలిశాయి. భేష్ అనుకుని కవర్లు తెప్పించాను.

సాయంత్రం సత్యవతి వచ్చి పై కార్డు మీద వేలు నడిపింది. మళ్లీ నడిపింది. ఇంకోటి తీసింది.

"ఇక్కడ నా పేరు లేదు బాబాయ్. ఏటి సేసేరు?"

అప్పుడు వెలిగింది నా బుర్రకి. చుక్కలన్నీ నా చేతులతో నేనే చదును చేసేశాను. కంటికి ఆనవాళ్లు కనిపిస్తున్నాయి, వేలికి మాత్రం ఏమీ లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ అమ్మాయి స్టూలు వెతుక్కుని కూర్చుండిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. పెళ్లికి ఇంకా పదకొండు రోజులే ఉంది. పోస్టులో సమయానికి చేరాలంటే చేతిలో ఉన్నది నాలుగు రోజులు. డ్యూటీ, ఇంట్లో పెళ్లిపనుల మధ్య నలభై కార్డులు మళ్లీ పొడవడం తన ఒక్కదాని వల్ల కాదు. ఆ స్నేహితుల్నే సాయానికి పిలుద్దామా అన్నాను. ఎవరి శుభలేఖ వాళ్లచేతే రాయిస్తారా అంది. అదీ నిజమే.

"నాకు నేర్పు తల్లీ, నేను పొడుస్తాను," అన్నాను.

అంత దిగులులోనూ నవ్వింది.

మర్నాడు డ్యూటీకి ముందే వచ్చి, కన్నాల రేకుపలక, సూది నా ముందు పెట్టింది. కాగితం వెనకనుంచి, కుడినుంచి ఎడమకి, తిరగేసి పొడవాలి. అప్పుడే ఇటువైపు చుక్కలు లేస్తాయి. అందరికీ తికమక అక్కడేనట. నాకా? సీసం అక్షరాలు పన్నెండేళ్లు తిరగేసి పేర్చిన చేతులండీ ఇవి! తను కొత్తగా పొడిచిచ్చిన కార్డొకటి తిరగేసి ఎదురుగా పెట్టుకుని, కంపోజింగ్‌లాగే గడి గడీ చూసి దించాను. ఈసారి కాగితం ముందే కొలతకి కోసుకున్నాను. అయినా మొదటి ఆరూ పనికిరావంది. గట్టిగా పొడిచి చిల్లులు పెట్టేశానట. ఏడోది చివరిదాకా చదివి కవర్లో పెట్టింది. మొదటి మెషీన్ కొన్ననాడు కూడా నాకంత సంతోషం లేదు. మెషీన్ మా తమ్ముడికి అప్పగించి మూడు పగళ్లు అదే పని చేశాను. నాలుగోనాడు అన్నీ పోస్టు చేశాం.

ఇప్పుడు ఉబ్బెత్తు పని ఏదొచ్చినా మా దగ్గర కటింగే ముందు. ఇంకోటి కూడా నేర్చుకున్నాను. అంతకుముందు పని బాగుందంటే నా కంటికి బాగుండడమే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇది ఎవరు చదువుతారు, ఎలా చదువుతారు అని అడిగాకే కాగితం తీస్తాను. తిక్కప్రశ్నలేస్తాడని పేరొచ్చింది, రానీండి.

పెళ్లికి నన్నూ పిలిచింది. భోజనాల బల్ల దగ్గర నా పక్కన అప్పలనాయుడు కూర్చున్నాడు. భీమిలి నుంచి వచ్చాడు, సత్యవతి క్లాస్‌మేటు, చూపులేదు. కార్డులు చేసింది నేనేనని తెలిసి చెయ్యి పట్టుకున్నాడు.

"మా అమ్మ కవరు సింపి, అటూ ఇటూ తిప్పి, ఏటీ లేదురా, ఖాళీ కాయితం అనీసింది బాబాయ్. ఇలాగియ్యమని నాను తీసుకున్నాను. అప్పుడు ఇంటిల్లిపాదీ నా సుట్టూ కూకుని, పెళ్లికొడుకెవులురా, ముహూర్తమెప్పుడురా అని అడిగేరు. అంతా ఆగి ఇన్నారు. మా ఇంట్లో నాను సదివి సెప్పిన మొదటి శుభలేఖ అదే," అన్నాడు.