పెద్దతాత ఆకులో సొరకాయ కూర

నా చిన్నప్పుడు ఏటా పెద్దల అమావాస్యకు మా ఇంట్లో చనిపోయిన వాళ్లందరికీ ఆకులు వేసి, చివర్న ఇంకొక ఆకు వేసేవాళ్లు. అది మా పెద్దతాతది. అంటే మా తాతకు అన్న. పద్దెనిమిదేళ్లప్పుడు రబ్బరు తోటల పనికని మలయాకు పోయాడట. యుద్ధం రోజుల్లో జాబులు ఆగిపోయాయి. కొన్నేళ్లు ఎదురుచూసి, ఇక పోయుంటాడులే అని ఇంట్లోవాళ్లే తీర్మానించుకున్నారు. అమావాస్యనాడు ఎవరికి ఇష్టమైంది వాళ్ల ఆకులో వడ్డించడం మా ఆనవాయితీ. ఆయన ఆకులో మాత్రం సొరకాయ కూర ఉండి తీరాలి. ఇల్లు వదిలిన రోజు వాళ్లమ్మ చేసిన సొరకాయ కూర రెండోసారి అడిగి వేయించుకున్నాడని మా తాత ఏటా చెప్పేవాడు, మేం ఏటా వినేవాళ్లం.

డెబ్బైల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, పుంగనూరులో మా ఇంటికి ఒక రిజిస్టరు కవరు వచ్చింది. ఆ దగ్గరే ఉన్న మా పాత పల్లె చిరునామాతో వచ్చినదాన్ని పోస్టుమాను నాలుగు వీధులు విచారించి తెచ్చిచ్చాడు. మలయా నుంచి ఒక వకీలు రాసిన ఆ ఇంగ్లీషు జాబు పక్కింటి అయ్యవారు చదివి అర్థం చెప్పాడు. మా పెద్దతాత చనిపోయింది నిరుడేనట. అక్కడ ఆయనకు భార్య, ఒక కూతురు ఉన్నారట. వాళ్లుంటున్న ఇల్లు కొన్నప్పుడు ఆయన కాగితాల్లో తన పేరు పక్కన తమ్ముడి పేరు కూడా రాయించాడట. మా తాత సంతకం పెట్టి హక్కు వదులుకుంటే ఆ ఇల్లు తల్లీకూతుళ్లకు మిగులుతుంది. లేదంటే సగం మాది, ఇల్లు అమ్మి పంచుకోవలసిందే.

"అయ్యో, బతికుండే మనిషికి ఇన్నేండ్లు ఆకేసినామే!" అని మా అవ్వ గుండెలు బాదుకుంది. తాత నవ్వబోయి ఏడ్చేశాడు. మా నాయన మాత్రం సగం ఇల్లు అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఆయన చెడ్డవాడని కాదు. వానల్లేక చేను రెండేళ్లుగా బీడుపడి ఉంది. ఎవరో జాబు రాస్తే సంతకం పెట్టేస్తామా, ఆమె ఆయన కూతురేనని నమ్మకమేమిటి అన్నాడు. తాత వాదన పెట్టుకోలేదు. ఆ బిడ్డను ఒకసారి రమ్మను, మనింట్లో ఒక పూట అన్నం తిననీ, ఆ తర్వాత మదనపల్లెకు పోయి వకీలు ముందర ఏది సరైతే అది చేద్దాం అని జాబు రాయించాడు.

ఆమె ఓడలో మద్రాసుకూ, అక్కణ్ణుంచి రైల్లో కుప్పానికీ వచ్చింది. ముఖాలు తెలియవు కాబట్టి నా పలక మీద పెద్దగా 'పుంగనూరు' అని రాసి పట్టుకోమన్నాడు తాత. ముప్పై ఏళ్లుండే ఒకామె తన రేకుపెట్టె మాకెదురుగా దించి, దాని మూత మీది అక్షరాలనూ నా పలకనూ ఒక్కొక్కటిగా పోల్చి చూసింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. మా పల్లెకు దగ్గరి టౌను అని వాళ్ల నాయన పెట్టె మీద రాసిపెట్టుకున్న ఆ పేరొక్కటే ఆమెకు తెలిసిన రాత. "సిన్నాయనా," అని తాత కాళ్లకు దండం పెట్టింది. నాకు వరసకు అత్త. బస్సులో ఆమె మాట్లాడుతుంటే తాత కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అచ్చం తాతవాళ్ల అమ్మ మాట్లాడిన తెలుగేనట. యుద్ధమయ్యాక వాళ్ల నాయన ఎన్నో జాబులు రాశాడని ఆమె చెప్పింది. కరువుకు మేం పల్లె వదిలేశామని ఆయనకేం తెలుసు?

ఆ మధ్యాహ్నం మా అవ్వ కొట్టం మీది తీగ నుంచి లేత సొరకాయ కోసి కూర చేసింది. తండ్రి ఇష్టం కూతురికీ ఉంటుందని అవ్వ ఆశ. అత్త సంగటి తినింది, పప్పు తినింది, చారు పోయించుకుంది. కూర జోలికి మాత్రం పోలేదు. సంగటి ముద్ద దానికి తగలకుండా జాగ్రత్తగా ఇవతలికి జరుపుకుంది. నా నోరు ఊరుకుంటుందా? "నాయనా, అత్త సొరకాయ ముట్టుకోలా!" అని అరిచాను.

మా నాయన ముద్ద పక్కన పెట్టేశాడు. "కన్నతండ్రికి ఏమిష్టమో తెలీని కూతురు యాడన్నా ఉంటాదా?" అన్నాడు, ఆమె వినేటట్టుగానే. అత్త తల వంచుకుంది. అందరం తాత వైపు చూశాం.

తాత ఆమె పక్కకు జరిగి, "యాల తినలేదమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"మా ఇంట్లో ఎవురం తినం సిన్నాయనా. అమ్మ చేతి కూర తిని వచ్చినాను, మళ్లా ఆడికి పోయి మనోళ్లతో కూసోనే తింటా, అందాకా నాకొద్దు అనేవాడు నాయన. సచ్చిపోయేదాకా నోట పెట్టలా. ఇప్పుడు నేను తినొచ్చో లేదో తెలీక..."

ఇక్కడ మేం ఏటా ఆయన ఆకులో వడ్డిస్తూ ఉన్నాం. అక్కడ ఆయన ఏటా వద్దంటూ ఉన్నాడు. తాత గిన్నెలోంచి కూర తీసి ముద్దలో కలిపి ఆమె నోటికందించాడు. "మీ నాయన వచ్చినట్టేనమ్మా. తిను," అన్నాడు. ఆమె ఏడుస్తూనే తినింది. రెండోసారి వడ్డించింది మా నాయన. "ఇంకొంచెం ఏసుకో అక్కా," అన్నాడు, తలెత్తలేక.

నేను వాకిట్లోకి పోయి నక్కి కూర్చున్నాను. తాత చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఒక్క మాటా తిట్టలేదు. "ఆకులో ఏం మిగిలిందో నువ్వు బాగానే సూసినావు. ఎందుకు మిగిలిందో కూడా అడగల్ల కదమ్మా," అన్నాడు. ఆ మాటకు నాకు దెబ్బలు తిన్నదానికంటే ఎక్కువ సిగ్గేసింది.

రెండు రోజుల తర్వాత మదనపల్లెలో తాత సంతకం పెట్టాడు. సాక్షి సంతకం మా నాయనది. ఇంత హక్కు వదులుకుంటున్నావు, బదులుగా ఏమీ అడగవా అని వకీలు అడిగాడు. తాత అత్త వైపు తిరిగాడు. "ఏటా పెద్దల అమావాస్యకు ముందు నాకొక జాబు రావల్ల. బతికుండేవాళ్లకు ఆకులేసే తప్పు ఇంగొకసారి సెయ్యను," అన్నాడు. మా తాత అంత ఎత్తు మనిషని నాకు తెలిసింది ఆ రోజే.

ఆ ఏడు అమావాస్యకు పెద్దతాత ఆకులో సొరకాయ కూర తాతే వడ్డించాడు. "ఇంక తిను అన్నా," అన్నాడు.

తాత, నాయన, అత్త అందరూ పోయారు. ఎవరైనా మా ఇంట్లో ఏదైనా వద్దంటే ఎందుకని మెల్లగా అడగడం మాత్రం నాకు అలవాటైపోయింది. అమావాస్య పొద్దున ఆకులు కడగకముందే అత్త కూతురికి ఫోన్ చేస్తాను. అవతల్నుంచి ఆ పాత తెలుగులోనే "ఉండాను వదినా, బాగుండాను" అంటుంది. అప్పుడు పోయి ఆకులు లెక్కపెట్టుకుంటాను.