మా వంశపు గంభీర స్వరం

మా ముత్తాత జగన్నాథరావు గారు గరిడేపల్లి చుట్టుపక్కల ఏడు ఊళ్ల శిస్తు వసూలు చేసుకునే మక్తేదారు. ఆయన దారిన వెళుతుంటే ఎదురొచ్చినవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకొని పక్కకు తప్పుకునేవారట. మా తాత రంగారావు గారి కాలానికి ఊళ్లు మూడయ్యాయి. అయినా వాకిట్లో గుర్రం ఉండేదని, ఇంట్లో కచేరీలు జరిగేవని ప్రతీతి. మా నాన్నగారి కాలానికి ఊరు ఒకటే, అందులో మాది ఒక ఇల్లు. నా కాలానికి కోదాడలో కిరాయి పోర్షను, ఎరువుల దుకాణంలో గుమాస్తా పని. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. మా ఏనుగు చచ్చాక తొండం ఒక్కటే మిగిలింది. దాన్ని నిండు సభలో ఎత్తి ఊపబోయి నా మొహానికే ఎలా తగిలించుకున్నానో ఇప్పుడు చెబుతాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు. మా ఆవిడ సులోచన పక్కగదిలో ఇప్పటికే మొదలుపెట్టింది.

ఆ తొండం ఒక క్యాసెట్టు.

మా తాతగారు ఒకప్పుడు ఇంట్లో కచేరీ పెట్టించి, దాన్ని పెద్ద చక్రాలు తిరిగే టేపు రికార్డరు మీద పట్టించారు. మా నాన్నగారు ఆ మిషను అమ్మే ముందు, పాట పోకూడదని క్యాసెట్టులోకి ఎక్కించారు. చక్రం డబ్బా మీద అతికించిన చీటీని చెదలు తినేశాయి కనుక పాడింది ఎవరో ఎవరికీ తెలియదు. కానీ ఆ గొంతు ఉందే, అది గొంతు కాదు. బావిలో పడిన సింహం పైకి రావడానికి తొందరేమీ లేదనుకొని పాడుకుంటున్నట్టు ఉండేది. ఒక్కో స్వరం వరిమడి బురదలోంచి కాలు పీక్కున్నట్టు బయటికి వచ్చేది. కల్యాణి రాగం మొదలయ్యాక మీరు వెళ్లి స్నానం చేసి వచ్చినా గాయకుడు అదే స్వరం మీద ఉండేవాడు.

మధ్యలో ఒకచోట మా తాతగారి గొంతు వినిపించేది. ఏమన్నారో అక్షరం తెలిసేది కాదు. మబ్బుల్లో రోలు దొర్లినట్టు ఉండేది. దాని వెంటనే వెనకనుంచి ఒక దీర్ఘనాదం లేచి గోడలను కదిలించేది. అది మైసూరు నుంచి తెప్పించిన శంఖమని నేనే నిర్ణయించాను. ఎవరైనా కాదన్నారా? అనలేదు. శంఖం గురించి కోదాడలో ఎవరికీ పట్టింపు లేదు.

తాతగారు పోయేనాటికి మా నాన్నగారు ఇంకా నడక నేర్చుకుంటున్నారు. అందుకని ఆయనకూ తండ్రి గొంతంటే ఆ టేపులోని గొంతే. ఆ గొంతు నిజంగా విన్నవాళ్లలో మిగిలింది మా మేనత్త రుక్కమ్మ ఒక్కతే. ఆమెను హాలియాలో ఇచ్చారు. చచ్చిపోయినవాళ్ల గొంతు వింటే వాళ్లకు అక్కడ నిద్ర పట్టదని ఆమె నమ్మకం. మా ఇంటికి వచ్చినప్పుడు మేము క్యాసెట్టు బయటికి తీస్తే చాలు, చెంగు చెవుల్లో కుక్కుకొని పెరట్లోకి పోయేది.

ఇక నా ఘనకార్యం వినండి. దొర అంటే ఇలా మాట్లాడాలి కాబోలునని, నేనూ అదే గొంతు అలవాటు చేసుకున్నాను. పొట్టలోంచి తీసి, మాటకూ మాటకూ మధ్య మంచం వేసుకొని పడుకునేంత చోటు వదిలి మాట్లాడేవాణ్ణి. కోదాడలో బస్సెక్కి, కండక్టరుతో "ఒక... సూర్యా..." అనేసరికి మునగాల వచ్చేది.

"అయ్యా, మిగతాది సూర్యాపేటలో దిగినంక చెప్పు," అన్నాడొక కండక్టరు.

సులోచన అంతకంటే దయలేనిది. "ఏమండీ, మీరు ఉప్పు అడగడం మొదలుపెట్టండి, నేను పోయి దుకాణంల కొనుక్కొస్త," అనేది.

నేను చలించలేదు. మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె కావాలంటారు కదా. మాకు మెతుకులకు లోటు లేదు. సంపెంగ నూనెకే లోటు. అందుకని మీసాలకు తాతగారి గొంతు పూసుకున్నాను.

రెండు వేల తొమ్మిది ప్రాంతంలో కోదాడ బస్టాండు ఎదురుగా జానీ అనే కుర్రవాడు ఇంటర్నెట్ సెంటరు పెట్టాడు. అందులో పాత కచేరీలన్నీ దొరుకుతాయని, ఇళ్లల్లో మూలుగుతున్న టేపులను కూడా ఎవరెవరో ఎక్కిస్తున్నారని విని ఒకరోజు వెళ్లాను.

"ఏం కొట్టాలె దొరా?"

"మా... తాతగారి... పేరు."

"ఆయనకు మెయిలున్నదా?"

"ఆయన... పోయి... యాభై ఏళ్లు."

"గట్లయితే మెయిలు సూసుకోడు తీయ్," అని జానీ పేరు కొట్టాడు.

తెర మీద మా తాతగారి పేరు వచ్చింది. సుభద్రమ్మ అనే గాయకురాలి కూతురు తల్లి పాటలన్నీ ఒకచోట పెట్టింది. అందులో ఒకదాని కింద, గరిడేపల్లి దగ్గర రంగారావు దొరగారి ఇంట్లో కచేరీ, అని రాసి ఉంది. రికార్డు చేసినాయన ఒక ప్రతిని వాళ్లకూ ఇచ్చాడట. నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. తెర మీద ఒక చక్రం తిరగసాగింది. కొంచెం పాట వచ్చేది, ఆగేది, మళ్లీ చక్రం.

"నెట్టు స్లో ఉన్నది దొరా," అన్నాడు జానీ. "అచ్చం మీ లెక్కనే, ఆగి ఆగి మాట్లాడుతది."

అదీ కల్యాణే. కానీ ఆడగొంతు. అదైనా నిదానంగా ఉందా? జొన్నచేలో పిట్టలు లేచినట్టు స్వరాలు బిలబిలమంటున్నాయి. నాకు ఒళ్లు మండింది. మా గడపలో, సింహం పాడిన చోట, ఈ పిట్ట ఎక్కడిది? మిగతాది విందామనుకునేలోగా కరెంటు పోయింది. విననిదాన్ని ఖండించడానికి కరెంటుతో పనిలేదు. అది వచ్చాక జానీ చేత ఆ పాట కింద ఇలా రాయించాను: "ఇది దొంగ రికార్డు. మా ఇంట జరిగిన అసలు కచేరీ నా వద్ద ఉన్నది. ఇట్లు, రంగారావు దొరగారి మనుమడు రంగారావు."

"దొర అని మీకు కూడా పెట్టాల్నా?" అన్నాడు జానీ.

"పెట్టు."

సరిగ్గా ఆ రోజుల్లోనే కోదాడలో సంగీతం మీద ఇష్టమున్నవాళ్లు కొందరు కలిసి ఒక సభ పెట్టబోయారు. దానికి ముందు నిలబడింది మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న లక్ష్మయ్య గారు. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారు. మా ఊళ్లో మా ఇల్లు కొన్నదీ ఆయనే. మిల్లు ఆఫీసులో కంప్యూటరు పెట్టుకొని పొద్దస్తమానం పాత కచేరీలు వింటాడని, తూకం ఆగినా పాట ఆగదని చెప్పుకునేవారు. ఊక ఎగిరే చోట రాగం ఏం నిలుస్తుందిలే అని నేను పెదవి విరిచేవాణ్ణి.

నాకు కావలసింది ఒకటే. ఆ సభకు మా తాతగారి పేరు పెట్టాలి. ఊళ్లు పోయాయి, ఇల్లు పోయింది, ఎక్కడో ఒక బోర్డు మీదనైనా ఆ పేరు మిగలాలి. ఇందులో నవ్వడానికేమీ లేదు. ఇప్పుడు రాస్తున్నా ఆ కోరికను చూసి నేను నవ్వను. దాన్ని నెరవేర్చుకోబోయిన మనిషిని చూసి నవ్వుతాను.

లక్ష్మయ్య గారు వెంటనే ఒప్పుకున్నారు. "తప్పకుండా పెడదామండీ. మీ తాతగారింటి కచేరీ నేనూ ఇంటర్నెట్లో విన్నానండీ. సుభద్రమ్మ గారి కల్యాణి, అమృతమండీ. మొదటిరోజు అదే వినిపిద్దాం."

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. కాలం కలిసిరానివాడికి తాడే పామవుతుంది. నాకు మా వంశమే పామయింది.

"అది... దొంగది," అన్నాను. "అసలుది... నా దగ్గర... ఉంది."

"అలాగా అండీ? అయితే రెండూ వినిపిద్దాం."

"వినిపించండి. ఆ ఇంటర్నెట్టుదే నిజమని తేలితే... మా తాతగారి పేరు అడగను. ముందు వరుసలో కూర్చోను." ఇది అందరి ఎదుటా అన్నాను. గంభీరంగా అన్నాను. అందుకే అందరికీ బాగా గుర్తుండిపోయింది.

ఊరి బయట, సూర్యాపేట రోడ్డు మీది ఫంక్షన్ హాలు నిండింది. తండ్రి పేరు పెడుతున్నారని హాలియా నుంచి రుక్కమ్మత్తను పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టాను. పక్కన సులోచన. ముందు నా క్యాసెట్టు పెట్టారు. మా అత్త వెంటనే చెంగు చెవుల్లో కుక్కుకుంది. సింహం బావిలో మూలిగింది. కాసేపటికి వెనక వరుసలో ఒక పసిపిల్ల ఏడుపు ఎత్తుకుంది. ఒకాయన లేచి, "ఓల్టేజీ తక్కువున్నట్టుంది, జనరేటర్ వేయండి," అన్నాడు. ఇంకొకాయన గురక కూడా కల్యాణిలోనే సాగింది. మా తాతగారి ఉరుము దొర్లి, శంఖం మోగేసరికి నేను లేచి మైకు అందుకున్నాను.

"ఇదీ... మా వంశపు... గంభీర స్వరం. ఇప్పుడు... ఆ దొంగ రికార్డు... పెట్టండి. మీరే... తేల్చండి."

లక్ష్మయ్య గారు లాప్‌టాప్ తెరిచారు. పాట మొదలైంది. ఆడగొంతు. హాల్లో నిద్రపోయినవాళ్లు సర్దుకొని కూర్చున్నారు. మా అత్త, ఎవరో ఆడమనిషి పాడుతున్నది, చచ్చిపోయిన తండ్రితో పనిలేదనుకొని చెంగు తీసేసింది. పాట పైస్థాయికి చేరి, ఒక స్వరం మీద దీపంలా నిలిచింది. అంతలో స్పీకర్లలోంచి ఒక కీచుగొంతు, చేటతో కొట్టిన కోడిపుంజులా అరిచింది.

"ఒరే ఎల్లిగా, బర్రె తోటకూర మేస్తున్నదిరా. కట్టేసినవా లేదా? నీకెన్నిసార్లు చెప్పాలెరా? అమ్మా, నువ్వు పాడు, నువ్వు పాడు."

వెంటనే బర్రె అరిచింది. నిండుగా, తృప్తిగా, కడుపులో తోటకూర ఉన్న బర్రె మాత్రమే అరవగలిగినట్టు. సుభద్రమ్మ గారి స్వరం మాత్రం వెంట్రుకవాసి కదలలేదు.

హాలు గొల్లుమంది. నేను మళ్లీ మైకు లాక్కున్నాను. కంగారులో గంభీరం కూడా మరిచిపోయాను. "చూశారా, ఇది మా తాతగారు కాదు. ఎవడో మా వంటవాడు. వంటవాడి గొంతు పెట్టి మా తాతగారంటారా?"

ముందు వరుసలో మా అత్త లేచి నిలబడింది. "నోర్మూయి రంగడా. వంటోడు ఎవడురా? మనింట్ల వంటోడు ఎన్నడున్నడు? మా అమ్మనే వండేది. అది మా నాయన."

"అత్తమ్మా, తాతగారి గొంతు ఇట్ల..."

"గిట్లనే ఉంటుండె. చేను గట్టు మీదికెళ్లి పాలేరుకు ఇనపడాలంటే గిట్లనే అరుస్తుండె. పొద్దాక ఆ ఎల్లిగాడి మీద అరుసుడే. నువ్వు ఇప్పుడు మాట్లాడినవ్ సూడు గాబరగా, అచ్చం గా గొంతే నీది."

"మరి ఆ శంఖం?"

"శంఖం లేదు, గింకం లేదు. బర్రె."

"వాకిట్లో గుర్రం ఉండేదని నాన్న..."

"ఏం గుర్రం? వాకిట్ల కట్టేసింది గా బర్రెనే. కట్టేస్తే కద." అని లక్ష్మయ్య గారి వైపు తిరిగింది. ఆమె కళ్లు నిండి ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "ఇంకొక్కపారి పెట్టు బిడ్డా. నాయన తిట్టింది ఒక్కటి ఇనిపియ్యి చాలు. నిద్ర పట్టకపోతే పట్టకపాయె."

పెట్టారు. మళ్లీ పెట్టారు. ఎల్లిగాణ్ణి మా తాతగారు ఆ రోజు ఎన్నిసార్లు తిట్టారో నాకు లెక్క లేదు. ప్రతిసారీ మా అత్త ఆయనతో పాటు తనూ తిట్టింది.

తరవాత లక్ష్మయ్య గారు నా క్యాసెట్టును లాప్‌టాప్‌లోకి ఎక్కించి, రెట్టింపు వేగంలో నడిపించారు. సింహం సుభద్రమ్మ గారయింది. ఉరుము తోటకూర అయింది. "పాత మిషన్లకు రెండు వేగాల మీట ఉంటుందండీ. మీ నాన్నగారు క్యాసెట్టుకు ఎక్కించేటప్పుడు నెమ్మది వైపు ఉండిపోయిందండీ, అంతే," అన్నారాయన, దగ్గినవాడికి నీళ్లిచ్చినంత మర్యాదగా. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కాల్చింది. అరవై ఊళ్ల దొర కూడా అంత మర్యాదగా ఎవరి పరువూ తీయలేడు.

పేరు సంగతి వచ్చింది. నా మాట నాకు అడ్డంగా పడుకొని ఉంది. లక్ష్మయ్య గారు అందరినీ అడిగారు, "బర్రె అరిచినా శ్రుతి తప్పని మనిషి పేరు పెడదామా?" చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది మా అత్త. బోర్డు మీద సుభద్రమ్మ గారి పేరు ఇప్పటికీ ఉంది. నేను ఇప్పటికీ స్తంభం వెనక కుర్చీలో కూర్చుంటాను. వినడానికి స్తంభం అడ్డం కాదు.

ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో, "మూడు కోదాడ బస్టాండ్," అని ఒక్క ఊపిరిలో, సన్నగా అన్నాను. కండక్టరు ఉలిక్కిపడ్డాడు. సులోచన కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది. "ఇప్పుడు నిజంగ దొర లెక్క ఉన్నవ్," అంది మా అత్త.

కనుక, మా ఏడు ఊళ్ల సాక్షిగా, మూడు ఊళ్ల సాక్షిగా, ఒక కిరాయి పోర్షను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద పూర్వీకుల గురించి ఏదైనా చెప్పవలసివస్తే ముందు మీట ఏ వైపు ఉందో చూస్తాను. కరెంటు వచ్చేదాకా ఏ పాటనూ ఖండించను. శంఖాలను బర్రె కాదని తేలేదాకా నమ్మను.

ఊళ్లు మా ముత్తాత, తాతల కాలంలోనే పోయాయి. టేపు మిషనును మా నాన్నగారు అమ్మారు. ఇంటిని నేను అమ్మాను. ఆ బర్రెను మాత్రం, తోటకూర మొత్తం అయిపోయాక, మా తాతగారే హాలియా సంతలో అమ్మేశారట.